రుచికి సరిపడా అంటే ఎంతండీ?

ఫిబ్రవరిలో మేడ మీద వడియాలు పెట్టి దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర జారాను. పడేటప్పుడు చెయ్యి ఆనించానేమో, కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు తియ్యకూడదన్నారు డాక్టరుగారు. ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తుంటే నొప్పి కంటే ఎక్కువగా నన్ను పీకిన ఆలోచన ఒకటే. రాత్రికి వంటెవరు చేస్తారు?

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా వారు, ఎనభై రెండేళ్ల మా అత్తయ్యగారు. అమ్మాయి, అల్లుడు పుణేలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మా వారు రిటైరై రెండేళ్లయింది. వంటింట్లో ఆయనకి బాగా వచ్చిన పని కాఫీ కలపడం. అది మాత్రం నాకంటే బాగా కలుపుతారు, ఒప్పుకోవాలి. మొదటి మూడు రోజులూ వీధి చివర కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్నాం. నాలుగో రోజు అత్తయ్యగారు కంచం ముందు కూర్చుని, "నూనె తేలుతోంది నాయనా, నాకు మజ్జిగన్నం చాలు" అన్నారు. ఆ మాట ఈయనకి గుచ్చుకుంది. ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్లో, "నాన్నా, నువ్వే వండెయ్. యాప్‌లు బోలెడున్నాయి, నేను పెట్టిస్తానుండు" అంది.

అలా మా ఇంట్లోకి వంట యాప్ వచ్చింది. ఒకటి కాదు, నెల రోజుల్లో ఐదు వచ్చాయి, నాలుగు పోయాయి. ఏ యాప్ మంచిదని ఎవరైనా అడిగితే, ఎన్ని వేల వంటలున్నాయో చెప్పి ఊరుకుంటారు అందరూ. నేను ఆరు వారాల పాటు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, చెయ్యి మెడకి కట్టుకుని, ఒక మనిషి యాప్ చూసి వండుతుంటే దగ్గరుండి చూశాను. అందుకే నా అభిప్రాయం కాస్త వేరు.

మొదటి యాప్ విదేశాలది. బొమ్మలు ఎంత బాగున్నాయంటే తెరనే తినెయ్యాలనిపించింది. ఇంగ్లీషు మా వారికి ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా కప్పుతోనే వచ్చింది. "ఏమోయ్, కప్పు అంటే కాఫీ కప్పా, టీ కప్పా?" అని మొదలుపెట్టారు. నవ్వాను గానీ, అందులో నవ్వేందుకేం లేదు. అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు. కొన్ని దేశాల్లో 250. జపాన్‌లో 200. మన ఎలక్ట్రిక్ రైస్ కుక్కరుతో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. టేబుల్ స్పూనుకీ అదే గొడవ, చాలాచోట్ల 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. పాత రోజుల్లో ఊరికో కుంచం అని మనవాళ్లు తిట్టుకునేవారు. ఇప్పుడు దేశానికో కప్పు. ఏ కప్పో చెప్పని యాప్ చూసి ఉప్మా చేస్తే ఒకరోజు పొడిపొడిగా, మర్నాడు జావగా వస్తుంది. మనిషేమో తనకి వంట రాదనుకుంటాడు.

రెండో యాప్ తెలుగులో ఉందని అమ్మాయే సంబరపడి పెట్టించింది. తెలుగంటే మనుషులు రాసిన తెలుగు కాదు, యంత్రం తిప్పిన తెలుగు. ఆ రోజు టమాటా పప్పు. కుర్చీలో నాకు కాస్త కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి పప్పులోంచి బిర్యానీ వాసన. చూస్తే, ఈయన పప్పులో నాలుగు లవంగాలు వేశారు. ఇదేమిటండీ అంటే ఫోన్ నా ముఖం మీద పెట్టారు. "వెల్లుల్లి - 4 లవంగాలు" అని ఉంది. ఇంగ్లీషులో లవంగానికీ, వెల్లుల్లి రెబ్బకీ ఒకటే మాట కదా! యంత్రానికి పప్పూ తెలియదు, పోపూ తెలియదు. మా వారు బుద్ధిగా వెల్లుల్లి మానేసి లవంగాలు వేశారు. అందులోనే ఇంకోచోట "గంట మిరియాలు" అని ఉంది. అవి క్యాప్సికమ్ అని తెలుసుకోవడానికి మాకు ఒక పూట పట్టింది.

తెలుగు వంటల యాప్‌లు అన్నీ ఇంతే అనను. మనవాళ్లు సొంతంగా రాసినవీ ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కాకపోతే వాటిలో చాలావరకు ప్రకటనల మధ్య వంట వెతుక్కోవాలి. నూనె కాగుతోంది, ఆవాలు చిటపటలాడుతున్నాయి, తర్వాత ఏం వెయ్యాలా అని చూస్తే తెర నిండా ఎవరో పాలపొడి అమ్ముతున్నారు. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. ఈయన వేళ్లకి శనగపిండి. ఆ లోపల మినప్పప్పు నల్లబడింది. నన్నడిగితే యాప్ ఎంచుకునే ముందు పొయ్యి దగ్గర నిలబడి, తడి చేత్తో ఒక్కసారి వాడి చూడాలి. సోఫాలో కూర్చుని వేసిన మార్కులు వంటింట్లో పనికిరావు. వండుతున్నంతసేపూ తెర ఆరిపోకుండా ఉంటుందా, అక్షరాలు మూరెడు దూరం నుంచి కనిపిస్తాయా, నెట్ లేనప్పుడూ తెరుచుకుంటుందా, ఇవి చూస్తే చాలు. మా వంటింట్లో సిగ్నల్ రావాలంటే ఫ్రిజ్ దగ్గర నిలబడాలి.

ఇంకో తమాషా, ఎంతమందికి అని అడిగి కొలతలు మార్చే మీట. అమ్మాయి దాన్ని చాలా పొగిడింది. మా ఆడపడుచు వాళ్లొచ్చిన ఆదివారం ఇద్దరి కొలతని ఆరుగురికి మార్చి పులుసు పెట్టారు ఈయన. అన్నీ మూడింతలయ్యాయి. ముక్కలు మూడింతలు కావడం న్యాయమే. నీళ్లు కూడా మూడింతలు పోస్తే? గిన్నె మారింది గానీ ఆవిరయ్యే నీళ్లు మూడింతలు కావు కదా. పోపు నూనె కూడా మూడింతలు అక్కర్లేదు. పులుసు కాస్తా చారైంది. మా ఆడపడుచు మంచిది, "అన్నయ్యా, చారు బాగుంది" అంది. ఈయన పులుసని చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

విజిల్స్ సంగతి కూడా చెప్పాలి. యాప్ మూడు విజిల్స్ అంటుంది. విజిల్‌ని మనం కాలమానంలా వాడతాం గానీ, అది కుక్కరు సైజుని బట్టి, మంటని బట్టి, లోపలి నీళ్లని బట్టి వస్తుంది. మా ఐదు లీటర్ల కుక్కరు పెద్ద మంట మీద మూడు విజిల్స్ వేసేస్తుంది, కందిపప్పు మాత్రం గింజగింజగా ఉంటుంది. చిన్న కుక్కరులో అదే పప్పు గంజవుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద లెక్క మళ్లీ వేరు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి ఇన్ని నిమిషాలు అని రాసుకుంటే ఏ కుక్కరుకైనా దాదాపు సరిపోతుందని ఇన్నేళ్ల తర్వాత ఈయన వంట చూస్తూ నేర్చుకున్నాను.

ఇవన్నీ నవ్వుకునే విషయాలు. నవ్వలేనిది మూడో వారంలో వచ్చింది.

అత్తయ్యగారి పాదాలు వాచాయి. పొద్దున లేవగానే తల తిరుగుతోందన్నారు. బీపీ చూస్తే పైది 170 దాటింది. డాక్టరుగారు మాత్ర మార్చారు. తర్వాత కాగితం మీంచి తలెత్తి, "ఇంట్లో రోజుకి మనిషికి ఉప్పెంత పడుతోందమ్మా?" అని నన్నడిగారు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ ఇంట్లో వండుతున్న నా దగ్గర జవాబు లేదు. తక్కువే వేస్తామండీ అన్నాను. "తక్కువంటే ఎంత?" అన్నారు.

ఆయన కోప్పడలేదు. వాపుకి ఈ మూడు వారాల వంటే కారణమనీ అనలేదు. మాత్ర పనిచెయ్యడం తగ్గి ఉండొచ్చు, కర్రీ పాయింటు కూరలు కావచ్చు, వయసు కావచ్చు. కానీ దారి పొడుగునా మా వారు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక యాప్ తెరిచి చూపించారు. "చూడు, నేను అందులో ఉన్నట్టే వేశాను." చూశాను. ప్రతి వంట చివరా ఒకటే ముక్క. ఉప్పు, రుచికి సరిపడా.

ఎవరి రుచికి? వంట కొత్త మనిషి కదా, చప్పగా ఉంటుందేమోనన్న భయానికి ఓ అర చెంచా ఎక్కువే పడుతుంది. నేను వండేటప్పుడు అత్తయ్యగారి గిన్నె ముందే తీసి పక్కన పెట్టేదాన్ని. ఆ సంగతి ఏ యాప్‌లోనూ లేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

ఆ వంటల కింద పోషకాల పట్టిక ఒకటి ఉంది. సోడియం 900 మిల్లీగ్రాములు అని చూసి, గ్రాము కూడా లేదు కదా అనుకున్నారట ఈయన. సోడియం వేరు, ఉప్పు వేరు. ఆ అంకెని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది, అంటే రెండు గ్రాముల పైచిలుకు. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల ఉప్పు కంటే తక్కువే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్క కూరతోనే దాదాపు సగం అయిపోయింది. అదీగాక, ఉప్పు "సరిపడా" అని రాసినప్పుడు ఆ పట్టిక దేన్ని లెక్కేసినట్టు? కొలతే లేనిదాన్ని ఏ యాప్ కూడుతుంది? ఎవరైనా యాప్‌లో కేలరీలు, సోడియం చూసి ఇంట్లో జబ్బు మనిషికి వండుతుంటే నా మాట విని ఒక్కసారి ఆ వంటలో ఉప్పు, నూనె అంకెల్లో రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ పట్టిక అలంకారమే. మన తిండికి మన లెక్కలు లేకపోలేదు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మన దేశంలో దొరికే 528 రకాల ఆహారాలని పరీక్షించి 2017లో పట్టికలు వేశారు. ఆ సంస్థ వాళ్లదే న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ కూడా ఉంది. తోటకూరకి అమెరికా పాలకూర లెక్క చెప్పే యాప్‌ల కంటే మనకి ఇలాంటివి నయం.

ఆ రాత్రి మేం చేసిన లెక్కకి మాత్రం ఏ యాప్ అక్కర్లేకపోయింది. నెలసరుకుల చీటీలో ప్రతి నెలా ఒక కిలో ఉప్పు ప్యాకెట్టు ఉంటుంది. నెలాఖరుకి డబ్బా ఖాళీ. వెయ్యి గ్రాములు, ముప్ఫై రోజులు, ముగ్గురు మనుషులు. మనిషికి రోజుకి 11 గ్రాములు! కూరలు కడగడానికి కొంత పోయిందనుకున్నా, రెట్టింపుకి తగ్గదు. ఆవకాయ కళ్లుప్పు ఇందులో లేదు. అది వేరే ఖాతా. ఈ లెక్క ఈయన వంటది కాదండీ, నా వంటది. ఏళ్ల తరబడి నేను "తక్కువే వేస్తాం" అనుకున్నది.

మర్నాడు మా వారు నాలుగొందలు పెట్టి చిన్న తూకం మిషన్ కొన్నారు. అమ్మాయి ఇంకో రకం యాప్ పెట్టించింది. అందులో తెరవగానే ఏమీ లేదు. ఒక్క వంట కూడా లేదు. మనమే రాసుకోవాలి. పాప్రికా అని ఒకటుంది, అలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. మేం వాడేదాని పేరు చెప్పడం లేదు, చెబితే ప్రచారం చేస్తున్నాననుకుంటారు. ఖాళీ యాప్ చూసి మొదట నాకు చిరాకేసింది. దీనికి డబ్బులు కూడానా, నోటు పుస్తకం లేదా అన్నాను. కానీ ఇప్పుడు నా అభిప్రాయం ఇదే. ఇంటి వంటకి పనికొచ్చేది ఖాళీగా మొదలయ్యే యాప్. వేల వంటలున్నది కాలక్షేపానికి బాగుంటుంది, పండక్కి కొత్త రకం స్వీటు వెతకడానికి బాగుంటుంది. రోజూ వండుకునేవి మా ఇంట్లో లెక్కపెడితే నలభై దాటవు. ఆ నలభైకీ మన కుక్కరు, మన గిన్నె, మన మనుషుల జబ్బులు తెలిసిన కొలతలు కావాలి. అవి ఎక్కడో ఉన్నవాళ్లు రాసి పంపలేరు.

అలాగని ఇతరుల వంటలు అక్కర్లేదని కాదు. జపాన్‌లో 1997లో మొదలైన కుక్‌ప్యాడ్‌లో మామూలు గృహిణులే వంటలు రాస్తారు, చేసి చూసినవాళ్లు తమ ఫోటో పెడతారు. ఒకరి వంటని ఇంకొకరు చేసి, "నాకిలా వచ్చింది, బెల్లం తగ్గించాను" అని రాస్తారే, అది నాకు బంగారంలా కనిపిస్తుంది. వంట కంటే కింద రాసిన మాటలే ముందు చదువుతాను. ఈమధ్య అందరూ అడుగుతున్న మాట్లాడే ఏఐలు కూడా చూశాం. చింతచిగురు పప్పు అడిగితే చక్కగా, మర్యాదగా చెప్పి, నిమ్మకాయంత చింతపండు కూడా నానబెట్టమంది. చింతచిగురు పులుపని దానికి ఎవరు చెప్పాలి? అది ఏనాడూ ముద్ద నోట్లో పెట్టుకోలేదు కదా. తెలిసినవాళ్లకి అది సాయం, తెలియనివాళ్లని ముంచుతుంది.

డబ్బు సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మధ్యలో వచ్చిపోయిన ఒక యాప్ ఏడు రోజులు ఉచితమంది. మేం మూడో రోజే ఫోన్లోంచి తీసేశాం. ఎనిమిదో రోజు ఖాతాలోంచి ఏడాది చందా పోయింది. యాప్ తీసేస్తే చందా ఆగదు! ప్లే స్టోర్‌లో చందాల పట్టీలోకి వెళ్లి విడిగా రద్దు చెయ్యాలి. ఇది నాకు ముందే తెలిసుంటే రెండు కిలోల నెయ్యి వచ్చేది. ఇంకొకటి, మనం రాసుకున్నది బయటికి తీసుకునే దారి ఉందో లేదో మొదటిరోజే చూసుకోవాలి. యమ్లీ అని చాలామంది వాడిన పెద్ద వంటల యాప్ ఉండేది. వర్ల్‌పూల్ లాంటి పెద్ద కంపెనీ చేతిలో ఉన్నా 2024 చివర్లో మూతపడింది. మా అమ్మ నోటు పుస్తకానికి చెదలు పట్టొచ్చు గానీ, ఒకరోజు పొద్దున్నే మూతపడదు. అందుకే మా వారు ప్రతి ఆదివారం మా వంటలన్నీ ఒక ఫైలుగా తీసి అమ్మాయికి పంపిస్తున్నారు.

ఇక రాసుకోవడం. అది నేననుకున్నంత తేలిక కాలేదు.

ఈయన ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడే ఏర్పాటు ఉంది. "చెప్పు, వంకాయ పులుసు" అన్నారు. చెప్పబోతే నోరు రాలేదు. చింతపండు ఇంత అని వేళ్లు చూపించాను. కట్టు కట్టిన వేళ్లు. "అంకె చెప్పు" అన్నారు. నాకు కోపం వచ్చింది. మా అమ్మ నాకు అంకెలు చెప్పిందా? కంటి కొలత అంటాం గర్వంగా. చెయ్యి తిరిగిన మనిషికి తూకమెందుకు అంటాం. నిజమే గానీ, ఆ కుర్చీలో కూర్చున్నాక ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. కంటి కొలతతో వంటిల్లు నాదిగా ఉండిపోయింది. అది ఎవరికీ తెలియకుండా ఉండటం నాకు కొంచెం ఇష్టమే. "నువ్వు లేకపోతే మాకు గడవదే" అని వాళ్లంటే విసుక్కుంటూనే మురిసిపోయాను. ఆ మురిపెం ఖరీదు అత్తయ్యగారి పాదాల మీద కనిపించింది.

తర్వాత ఒక పద్ధతి కుదిరింది. నేను ఎడమ చేత్తో వేసినంత వేసేదాన్ని. వేసే ముందు, వేశాక ఈయన డబ్బా తూచేవారు. తేడా రాసుకునేవారు. బ్యాంకు ఉద్యోగం చేసిన మనిషి కదా, లెక్క తేలేదాకా పోపు వెయ్యనిచ్చేవారు కాదు. అలా మా పప్పుకి ఉప్పు 9 గ్రాములని తేలింది. దాన్ని వారానికో గ్రాము తగ్గిస్తూ 5కి తెచ్చాం. ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప. ఒక్కసారిగా తగ్గిస్తే అత్తయ్యగారు ఆవకాయ జాడీ వైపు చూస్తారని మాకు తెలుసు. ఇంకో వింత, ఒకే గ్లాసుతో కొలిచి తూస్తే ఉప్పు 240 గ్రాములు, కారం వంద. కొత్తావకాయకి గ్లాసుకి గ్లాసు సమంగా వేస్తూ, సమానమే కదా అనుకుంటూ వచ్చాను నేను.

మే నెలలో మా వదినగారు ఫోన్ చేసి, "పాపం అన్నయ్యగారి చేత వంట చేయిస్తున్నావటగా, ఫోన్ పట్టుకుని మరీ" అన్నారు. పాపమెందుకు వదినా, తినేది ఆయన కూడా కదా అన్నాను. కట్టు విప్పి చాలా రోజులైనా మంగళవారం, శనివారం వంట ఇప్పటికీ ఆయనదే. అత్తయ్యగారి బీపీ 140 దగ్గర ఉంటోంది. కొత్త మాత్ర వల్లో, ఉప్పు వల్లో నాకు తెలియదు, తెలుసుకోవాలని మాత్ర మానిపించే పనీ లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. పురుడు అక్కడే పోసుకుంటానంది, వచ్చే నెల నేను పుణే వెళ్లాలి. మూడు నెలలు తల్లీకొడుకులు ఇద్దరే ఇంట్లో. యాప్‌లో ముప్ఫై ఎనిమిది వంటలు ఎక్కాయి. నిన్న మిరియాల చారు మిగిలింది. అది అత్తయ్యగారు చేసేది, నాది అంత బాగా కుదరదు. ఆవిడ మంచం మీద కూర్చుని చెబుతుంటే మా వారు ఫోన్ ఆవిడ నోటి దగ్గర పెట్టారు. మిరియాలు, జీలకర్ర, చింతపండు అన్నీ చెప్పుకుంటూ వచ్చి, "ఉప్పు రుచికి..." అని ఆగారు. కొడుకు ముఖం చూశారు.

"అదేదో నువ్వే తూచుకోరా" అన్నారు.